వస్తాద్ దేవన్న గొంతు

దేవన్నకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. నా దుకాణంలో కూర్చుని చాయ్ తెప్పించమంటే రోడ్డు అవతల ఆటోవాళ్లు కూడా తిరిగి చూస్తారు. నాందేడ్ నవా మోంఢాలో నాది గోనె సంచుల వ్యాపారం. మోంఢా అంటే మా ధాన్యం మార్కెట్టు. సోయాబీన్, పసుపు వచ్చే రోజుల్లో అక్కడ మనుషుల కంటే బస్తాలే ఎక్కువ కనపడతాయి. ఆ బస్తాల మధ్యనే దేవన్నతో నాకు స్నేహం. స్నేహమంటే అతను అరవడం, నేను విసుక్కోవడం.

వాళ్లది బిలోలి తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకున్న ఊరు. గుంట భూమి లేని ఇల్లు. తండ్రి ఈ మోంఢాలోనే హమాలీ చేసేవాడు. మీసాలు రాకముందే దేవన్న కూడా మూటలెత్తాడు. తర్వాత ముద్ఖేడ్‌లో శిక్షణ తీసుకుని జవాను అయ్యాడు. అక్కడ అతని వీపు చూసి ఒక అధికారి రగ్బీ జట్టులో వేశాడట. "నా సదువు సూసి ఎవ్వడు పిలవలే సేట్, వీపు సూసి పిలిచిండ్రు," అని నవ్వేవాడు. దేశమంతా తిరిగి పింఛనుతో ఇంటికి వచ్చేసరికి భార్య పోయింది, కూతురు దీపాలి పెళ్లయి కిన్వట్‌లో స్థిరపడింది. ఖాళీ ఇంట్లో ఎంతసేపని అరుస్తాడు? హమాలీల కొడుకులను పోగేసి, గోదావరి ఒడ్డున ఉన్న మైదానంలో రగ్బీ మొదలుపెట్టాడు. పిల్లలు అతన్ని వస్తాద్ అని పిలిచేవాళ్లు.

నేను మొదటిసారి ఆ ఆట చూసి పకపకా నవ్వాను. ఆట నడుమ ఏదో చిన్న తప్పు జరిగితే ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది వంగి, భుజాలకు భుజాలు ఆనించి, ఒకరినొకరు తోసుకుంటారు. మధ్యలో బంతి వేస్తారు. ఎదుటివాళ్లను వెనక్కి తోసినవాళ్లకు బంతి దక్కుతుంది. దాని పేరు స్క్రమ్. "దీనికి ఆటని పేరెందుకయ్యా, మన హమాలీలు ప్రొద్దున లేస్తే చేసేది ఇదే కదా," అన్నాను. దేవన్న తొడ చరిచాడు. "గదే సేట్ నేనన్నది! మనోళ్ల కన్న బాగ ఎవరు తోస్తరు?"

తోయడం సంగతి అటుంచి, ముందు వంగడమే రాలేదు వాళ్లకు. అందరూ బస్తాలు మోసే ఇళ్లలో పుట్టినవాళ్లు. బరువు మీదికి వస్తుందంటే చాలు, గడ్డం ఛాతీకి ఆనించి వీపు గూనిగా వంచేస్తారు. బస్తా నిలవాలంటే అలాగే వంగాలి మరి. స్క్రమ్‌లో అలా వంగితే మెడ విరుగుతుంది. దేవన్న ఒక్కొక్కడినీ వంగబెట్టి, వీపు మీద నీళ్ల చెంబు పెట్టేవాడు. నీళ్లు తొణికితే మళ్లీ మొదటి నుంచి. "గదుమ ఎత్తు! ముంగట సూడు! మెడ సీదా ఉంటే బరువు వీపు మీదికెళ్లి కాళ్లల్లకు దిగుతది. గదుమ ఛాతికి ఆనిందా, బరువంత మెడలనే ఆగుతది. పిర్రలు భుజాల కన్న మీదికి లేవొద్దు. పక్కోన్ని గట్టిగ పట్టుకో, వాని అంగీ గాదు, వాన్ని!" ఇలా గంటలు గంటలు. నా దుకాణంలో చిరిగిన సంచులు పట్టుకుపోయి, ఊక నింపి, చెక్క చట్రానికి కట్టి, దాన్ని తోయించేవాడు. నేను ఇస్తానని అనకముందే సంచులు బండెక్కేవి.

ఇంకొక నియమం కూడా పెట్టాడు. లోపల ఎవరి మెడకు ఇబ్బంది అనిపించినా "మెడ" అని అరవాలి. ఆ మాట వినపడితే మిగతావాళ్లు గెలుస్తున్నా సరే, ఆ క్షణమే తోయడం మానేసి మోకాళ్ల మీద కూలబడాలి. పిల్లలకు అది నవ్వులాటగా ఉండేది. అరవమంటే ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమనేవాళ్లు. హమాలీ ఇళ్లలో బరువు కింద ఉన్నవాడు అరవడం పరువు తక్కువ. పైన బస్తా పెట్టేటప్పుడు చాలు అన్నవాడిని కూలీల పెద్ద ముకద్దం మరునాడు పనికి పిలవడు.

మూడు నాలుగేళ్లు గడిచాక దేవన్న బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. ఎనిమిది మంది బలం ఉన్నా ఒక్కసారి తోయకపోతే లాభం లేదు. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే బలం చెదిరిపోతుంది. లారీకి బస్తాలెత్తేటప్పుడు హమాలీలు ఏం చేస్తారు? ఒకడు "జోర్ లగాకే" అంటాడు, అందరూ "హైస్సా" అంటూ ఒక్క ఊపున లేపుతారు. దాన్నే తీసుకొచ్చి స్క్రమ్‌లో పెట్టాడు. గీత అవతల నిలబడి దేవన్న పిలుపు ఇచ్చేవాడు, లోపల ఎనిమిది గొంతులు జవాబిచ్చేవి. జవాబుతో పాటే తోపు పడేది. నవ్విన నాపచేనే పండింది. లాతూర్ వాళ్లు వచ్చి ఓడిపోయారు, హింగోలి వాళ్లు వచ్చి ఓడిపోయారు. మోంఢా జట్టు తోపు అంటే చుట్టుపక్కల పేరు పడింది. హమాలీలు పని ఆపి ఆట చూడటానికి వచ్చేవాళ్లు. వాళ్ల కేకను వాళ్ల కొడుకుల నోట విని మీసాలు తిప్పేవాళ్లు. నేనూ దుకాణం కట్టేసి వెళ్లేవాణ్ని, ఎందుకు దాచాలి.

ఆ ఎనిమిది మందిలో ముందు వరుస నడిమివాడు నాగనాథ్, సంగన్న కొడుకు. సంగన్న దేవన్న ఊరివాడే, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మూటలు మోసినవాళ్లు. సంగన్న అప్పటికింకా మోస్తూనే ఉన్నాడు. నాగనాథ్ కాలేజీలో చదువుతూ, సెలవుల్లో తండ్రితో పాటు మోంఢాకు వచ్చేవాడు. మాట తక్కువ, తిండి ఎక్కువ. నడిమివాడి పని కష్టం. రెండు చేతులూ అటూ ఇటూ ఉన్నవాళ్ల భుజాల మీద ఉంటాయి. పడితే ఆపుకోవడానికి అతనికి చేతులు ఉండవు. అందుకే దేవన్న అతని వీపు మీద చెంబు పెట్టినన్ని సార్లు ఇంకెవరి వీపు మీదా పెట్టలేదు.

పోయిన శ్రావణంలో పర్భణి జట్టుతో ఆట. ప్రొద్దుటి నుంచి తుంపర. మా మైదానం నల్లరేగడి, తడిసిందంటే కాలు నిలవదు. ఆట ఆపుదామని ఒకరిద్దరు అన్నారు కానీ చూడటానికి అంతమంది వచ్చాక ఎవరు ఆపుతారు? చివరలో పర్భణి వాళ్ల గీత ముందే స్క్రమ్ పడింది. ఇంకాస్త తోస్తే గెలుపు మాది. దేవన్న పిలిచాడు, పిల్లలు పలికారు, తోపు పడింది. ఎదుటి వరుసలో ఎవరి కాలో జారింది. మధ్యలో గూడు కూలినట్టు రెండు ముందు వరుసలూ కిందికి దిగాయి. వెనకవాళ్లకు అది కనపడదు. దేవన్నకు గెలుపు కనపడుతోంది. మళ్లీ పిలిచాడు. మైదానం చుట్టూ ఉన్న జనమంతా హైస్సా అన్నారు, నేనూ అన్నాను. రెండో తోపు పడింది. రిఫరీ ఈల ఊదాడు. అందరూ లేచారు, నాగనాథ్ లేవలేదు.

హైదరాబాద్ తీసుకుపోయారు. మెడకు ఆపరేషన్ చేసి, ఊపిరి కోసం గొంతులో గొట్టం పెట్టారు. ప్రాణం నిలిచింది. కాళ్లు పోయాయి, చేతుల్లో కొంచెం కదలిక మిగిలింది. గొట్టం ఉన్నన్ని నెలలూ మాట లేదు. ఊరికే చూస్తూ ఉండేవాడట.

ఇక్కడ హమాలీల షెడ్డులో పంచాయితీ జరిగింది. జట్టు పిల్లలను ఒక్కొక్కరినీ అడిగారు. "మెడ అన్నది మాకు ఇనబడలే," అన్నారందరూ. దేవన్న లేచి నిలబడి ఏడుస్తూ తల కొట్టుకున్నాడు. "నేను నెత్తి నోరు కొట్టుకొని చెప్పిన. మెడ అని ఒక్క మాట అంటే అందరు ఆగుదురు. వాడనలే! మన హమాలోల పోరగాండ్లు బరువు కింద నోరు తెరవరు. గదే అలవాటు వాన్ని తిన్నది." అతను అబద్ధం ఆడలేదు, మనసారా నమ్మి చెప్పాడు. విన్నవాళ్లమూ నమ్మాం. మా వాళ్ల సంగతి మాకు తెలుసు కదా.

అప్పుడు మూలన కూర్చున్న సంగన్న అన్నాడు. "వాని మొదటి మూట నేనే ఎత్తిన. మూట కింద నోరు తెరవకు బిడ్డా, ఊపిరి పోతే నడుం పోతది అని నేనే చెప్పిన. ఆట బంద్ పెట్టకుర్రి. ఆట తప్పేం లేదు, తప్పు నాది." పంచాయితీ అక్కడితో ముగిసింది. ఆట బతికింది.

సంగన్న మాత్రం బతకలేదనే చెప్పాలి. మనిషి ఉన్నాడు, తిరుగుతున్నాడు. మోంఢాకు రావడం మానేశాడు. కొడుకును ఇంటికి తెచ్చాక ఆ గదిలోకి అడుగు పెట్టేవాడు కాదు. కొడుకుకు అన్నం పెట్టడం, ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం అంతా తల్లి ఇందుబాయే. సంగన్న బయట బట్టలుతికే బండ మీద కూర్చుని ఉండేవాడు. కొడుకు నిద్రపోయాడని ఇందుబాయి చెబితేనే లోపలికి పోయి, కాస్త చూసి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చునేవాడు. చూస్తుండగానే చొక్కా వదులైపోయింది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియని కోపం, అందుకే మా ఇంట్లోవాళ్ల మీద చూపేవాణ్ని.

దేవన్న రోజూ ఆ ఇంటికి పోయేవాడు. గొట్టం తీశాక నాగనాథ్‌కు గొంతు నెమ్మదిగా తిరిగి వచ్చింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం దేవన్న అక్కడి నుంచి నేరుగా నా దుకాణానికి వచ్చి సంచుల కట్ట మీద కూర్చున్నాడు. ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఏందయ్యా అంటే మళ్లీ అన్నాడు, మళ్లీ వినపడలేదు. దేవన్న మాట వినడానికి నేను దగ్గరికి జరగాల్సి రావడం అదే మొదటిసారి.

"వాడు అరిచిండట సేట్."

"ఎవరు?"

"నాగనాథ్. కూలంగనే గదుమ ఛాతికి ఇరికిందట. మెడ, మెడ అని అరిచిండట. గంతట్ల నేను మల్ల జోర్ లగాకే అన్న. 'మీ గొంతు ఇనబడె వస్తాద్, నాది నాకే ఇనబడలే' అన్నడు."

దేవన్న అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "బాపుకు చెప్పకుర్రి అన్నడు. తెలిస్తే ఆట బందైతది, నేనెట్లాగు ఆడలేను, ఆళ్లనన్న ఆడనియ్యుర్రి అన్నడు. ఇంకోటి అన్నడు సేట్. బాపుకు నా మీద మస్తు కోపమున్నది, నా మొఖం సూస్తలేడు అన్నడు."

అంటే తన వల్లే కొడుకు పడ్డాడని తండ్రి బయట కుళ్లుతున్నాడు. తండ్రికి తన మొహం చూడటం ఇష్టం లేదని కొడుకు లోపల కుళ్లుతున్నాడు. నడుమ ఒక్క గోడ. ఆ గోడ కూలగొట్టే మాట దేవన్న దగ్గర ఉంది. అది చెబితే జట్టు ఉండదు. దేవన్నకు జట్టు తప్ప ఇంకేముంది?

"నోరు మూసుకుని ఊరుకో," అన్నాను నేను. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పిల్లవాడే వద్దన్నాడు. చెప్పినంత మాత్రాన మెడ బాగవుతుందా?" వ్యాపారం చేసేవాడి బుద్ధి అంతే. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి మైదానంలో కేక బంద్ పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. స్క్రమ్‌లో ఎవరూ నోరెత్తకూడదు, నడిమివాడు తప్ప. పిలుపు లేకపోయేసరికి తోపు చెదిరిపోయింది. ఆ ఎండాకాలం వరసగా ఓడారు. పిల్లలు సణిగారు. ఎందుకు బంద్ పెట్టావని అడిగితే దేవన్న వంగమని సైగ చేశాడు. చెంబు తీసుకుని వీపుల మీద పెడుతూ తిరిగాడు.  అతని మీద జాలిపడ్డాను, చెప్పమని మాత్రం అనలేదు.

ఒక సాయంత్రం సంగన్న మైదానానికి వచ్చాడు. ఇల్లు కదలని మనిషి ఎలా వచ్చాడో, ఎండలో నడిచి వచ్చాడు. పిల్లలు స్క్రమ్‌కు వంగుతున్నారు. సంగన్న తిన్నగా వాళ్ల మధ్యకు పోయి, మొదటివాడి ముందు నిలబడి దండం పెట్టాడు. "అరువు బిడ్డా. నొప్పైతే అరువు. సిగ్గు పడకు." వాడు బిత్తరపోయాడు. సంగన్న పక్కవాడి దగ్గరికి పోయాడు. "నీ బాపు చెప్పింది ఇనకు. మా అసొంటోళ్లం ఏమెర్కలేక చెప్తం. నోరు తెరువు కొడుకా." ఇంకొకడి దగ్గరికి పోయి గడ్డం పట్టుకున్నాడు. "ఏది, నా ముంగట ఒక్కసారి అరువు. నేనింట." ఆ పిల్లవాడు అరవబోయి ఏడ్చేశాడు. సంగన్న ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, తన కొడుకు వయసు పిల్లల ముందు చేతులు జోడించి అడుక్కున్నాడు. నాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

దేవన్న చేతిలో చెంబు కింద పెట్టాడు. "నాతోని అస్తవా సేట్?" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

మేం వెళ్లేసరికి సంగన్న మళ్లీ ఆ బండ మీద కూర్చుని ఉన్నాడు. ఇందుబాయి గడపలో నిలబడి, "రా అన్నా, చాయ్ పెడ్త," అంది. దేవన్న వద్దని చెయ్యి ఊపి, సంగన్న ముందు నేల మీద కూర్చున్నాడు.

"సంగన్నా, నాగనాథ్ అరిచిండు."

సంగన్న అర్థం కానట్టు చూశాడు.

"మెడ అని అరిచిండు. ఒక్కసారి గాదు. నేనే ఇనలే. నా మొత్తుకోలుల వాని గొంతు మునిగిపోయింది. నువ్వు నేర్పింది వాన్ని పడగొట్టలే, నేను నేర్పింది పడగొట్టింది. నాకెరికై నెల దాటింది. జట్టు పోతదని నీకు చెప్పలే."

సంగన్న కొడతాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, కొట్టాలని కోరుకున్నాను. ఒక దెబ్బ పడితే దేవన్నకు కూడా కొంత తేలికయ్యేది. సంగన్న దేవన్న మొహం వైపు కూడా చూడలేదు. లేచి, గోడ పట్టుకుని, మెలకువగా ఉన్న కొడుకు గదిలోకి పోయాడు.

"అరిచినవా బిడ్డా?"

లోపల నుంచి సన్నగా వినపడింది. "అరిచిన బాపు."

"గట్టిగనేనా?"

"ఊపిరున్నంత సేపు అరిచిన." మళ్లీ అతనే, "నీకు నా మీద కోపమనుకున్న."

"నీ మీద నాకెందుకు కోపం రా కొడుకా!" అంటూ సంగన్న మంచం మీదికి ఒరిగి బావురుమన్నాడు. ఇందుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. కొడుకు చెయ్యి తండ్రి తల వైపు కొంచెం జరిగింది, అందలేదు. సంగన్నే ఆ చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

తర్వాత సంగన్న బయటికి వచ్చాడు. కళ్లు తుడుచుకోలేదు, కాళ్లకు చెప్పులు లేవు. మమ్మల్ని దాటి సందులోకి పోయాడు. మొదటి గుమ్మంలో ముత్తవ్వ బియ్యం ఏరుకుంటోంది. "ముత్తవ్వా, మా నాగనాథ్ అరిచిండట! నోరు మూసుకొని పడలే, అరిచిండట!" ఆమె నోరు తెరిచి చూసింది. సంగన్న పక్క గుమ్మానికి పోయాడు. "మావోడు అరిచిండే! నేను నేర్పిన దాంతోని కాలేదు!" ఆ తర్వాత ఇంకో గుమ్మం. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు. ఇన్ని నెలలకు ఆ మనిషి నడుము నిటారుగా ఉంది. కోపం మాట అతనికి తట్టనేలేదు. కొడుకు అరిచాడన్న ఒక్క సంతోషం తప్ప అతని మనసులో ఇంకేదీ లేదు.

జనం గుమ్మాల్లోకి వచ్చారు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఒకామె బిందె దించి అడిగింది. "అరిస్తే మరి ఎవ్వరు ఇనలేదా అన్నా?"

సంగన్న ఆగిపోయాడు. ఆ ప్రశ్న అతనికి అప్పుడే తగిలింది. మెల్లగా వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూశాడు. అతను చూసిన వైపే సందు సందంతా చూసింది.

దేవన్న గడప ముందు చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ సందుకు ఒకటే దారి, ఆ గుమ్మాలన్నీ దాటుకునే పోవాలి. మైదానం నుంచి సంగన్న వెంట వచ్చిన జట్టు పిల్లలు కూడా గోడల వెంబడి నిలబడి ఉన్నారు. దేవన్న వాళ్ల ముందు నుంచే నడిచాడు, పక్కన నేను. వస్తాద్ అని ఒక్కరూ పిలవలేదు.